ఏడో రీలు కోసం కుప్పం దాకా

ఈ వారం మన మదనపల్లెలో ఒక మనిషికి అన్యాయం జరిగింది. చేసినవాడు సినిమా టెంటు యజమాని కాదు, పోలీసు కాదు, తాలూకా అధికారీ కాదు. నేను. మంగళవారం పొద్దున బస్టాండు గోడ మీద, వేరుశనక్కాయల మండీ తలుపు మీద, మన పఠనాలయం నోటీసు పలక పక్కన ఎర్రసిరా కాగితాలు అంటించి ఉండటం మీలో చాలామంది చూశారు. "ఏడో రీలు ఏమైంది? ఆపరేటరు ఖాదర్ సాహెబు దాన్ని ఎవరికి అమ్ముకున్నాడు? రెండణాల నేల టికెట్టు కొన్న ప్రజలకు జవాబు కావాలి!" అని వాటిలో ఉంది. కింద సంతకం లేదు. ఆ రాత నాది, మైదా గంజి పూసిన చేతులూ నావే. ఆ కాగితాల్లో మొదటి ప్రశ్న న్యాయమైనది. రెండోది పచ్చి అబద్ధం. దాన్ని తెలుసుకోవడానికి నేను శుక్ర, శనివారాల్లో పుంగనూరు మీదుగా కుప్పం వెళ్లివచ్చాను. ఆ ప్రయాణం గురించే ఈ నెల మన లిఖిత పత్రికలో నాకిచ్చిన పేజీలన్నీ వాడుకుంటున్నాను.

మన టెంటులో పదిరోజులుగా ఆడుతున్న 'రెండో తాళంచెవి' చిత్రాన్ని నేను నాలుగుసార్లు చూశాను. ఒక నగల వర్తకుడి ఇనప్పెట్టె తెరుచుకుంటుంది. తలుపు పగల్లేదు, తాళం విరగలేదు, హారం మాత్రం లేదు. గుమాస్తా రఘు మీద నేరం పడుతుంది. అతను ప్రాణంగా ప్రేమించిన శాంత, తాళాలు చేసే కమ్మరి కూతురు, కోర్టులో అతనికి వ్యతిరేకంగానే సాక్ష్యం చెబుతుంది. దొంగ ఆ వర్తకుడే, పెట్టెకు రెండో తాళంచెవి చేసిచ్చింది శాంత తండ్రి. ముందే చెప్పేశానని తిట్టకండి. దొంగ ఎవరో తెలిశాకనే ఈ బొమ్మ అసలు మొదలవుతుంది. మొదటిసారి నేను హారం ఎక్కడుందా అని వెతికాను. రెండోసారి శాంత కొంగు చివర ముడి కనబడింది. మొదటి రీలు నుంచీ అది అక్కడే ఉంది, పాట పాడుతున్నంతసేపూ ఆమె దాన్నే నలుపుతూ ఉంటుంది. మూడోసారి కోర్టు సీనులో, శాంత సాక్ష్యం చెబుతున్నప్పుడు, రఘు ఆమె వైపు చూడటం లేదని గమనించాను. ఆమె వెనకాల తల వంచుకుని నిలబడ్డ తండ్రిని చూస్తున్నాడు. అంటే వీడికి అన్నీ తెలుసు! నేల మీద కూర్చున్నవాణ్ణి ఒక్కసారిగా లేచి నిలబడ్డాను. వెనకవాళ్లు తిట్టి కూర్చోబెట్టారు.

నాలుగోసారి రీళ్లు లెక్కపెట్టాను. మన టెంటులో బొమ్మ ఆడించే మిషను ఒకటే కాబట్టి ప్రతి రీలుకూ ఆపి దీపం వేస్తారు, సోడాలు అమ్ముకుంటారు, మళ్లీ దీపం తీస్తారు. గోడ పోస్టరు మీద పదమూడు రీళ్లని అచ్చు వేసి ఉంది. ఆడినవి పన్నెండు. ఆరో రీలు చివర కోర్టు సీను అయ్యాక దీపం వెలిగి ఆరేసరికి శాంత రైల్వే ప్లాట్‌ఫారం మీద ఉంటుంది. జామీను మీద బయటికొచ్చిన రఘు ఆమెకు నవ్వుతూ టికెట్టు చేతికిస్తాడు. తన మీద సాక్ష్యం చెప్పిన పిల్లకు నవ్వుతూ టికెట్టు కొనిపెట్టేవాడు ఎవడుంటాడు? జనం "వీనికి సిగ్గు లేదురా" అని ఈలలు వేశారు. ఆట అయ్యాక ఖాదర్ సాహెబును నిలదీశాను. ఆయన కటకం తుడుచుకుంటూ, "ఉండాదప్పా, యాడికీ పోలా. నువ్వు ఇంటికి పో," అన్నాడు. కళ్లెత్తి చూడలేదు. అణా డిటెక్టివు పుస్తకాలు చదివి చదివి వేడెక్కి ఉన్న నా బుర్రకు ఆ దించిన కళ్లే రుజువైపోయాయి. తెల్లారేలోగా ఇరవై కాగితాలు రాశాను.

గురువారం సాయంత్రం టెంటు గేటు దగ్గర యజమాని పదిమందిలో కేకలేశాడు. "ఆదివారం ఆట లోపల ఏడో రీలు నా కండ్ల ముందర ఆడల్ల. ఆడకపోతే ఖాదరు పని ఖాళీ!" ఖాదర్ సాహెబు జనంలో నన్ను చూశాడు, చూసి లోపలికి వెళ్లి మిషను మీద గుడ్డ తీశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. రీలు ఎవరు కొన్నారో తేల్చి తెచ్చి, నా మాట నిజమని నిరూపించాలనుకున్నాను. అప్పటికి నాకు ఉన్నది అంతే, పశ్చాత్తాపం కాదు. మనకు ముందు ఆ రీళ్ల పెట్టె పుంగనూరు టెంటులో ఉండింది. అదీ ఈ యజమానిదే. అక్కడి ఆపరేటరు బాషా ఖాదర్ సాహెబుకు మేనల్లుడు, అల్లుడు కూడాను. మామా అల్లుళ్లు కలిసి అమ్ముకున్నారని నా లెక్క.

శుక్రవారం పొద్దున ఆరున్నర బస్సు ఎక్కాను. పుంగనూరుకు ఆరణాలు. యుద్ధం అయిపోయినా మన దారిలో బొగ్గు బస్సులే తిరుగుతున్నాయి. వెనకాల డ్రమ్ములో బొగ్గు రాజేసి, చక్రం తిప్పి గాలి ఊది, బండి దగ్గితే అందరూ "బతికింది" అనుకోవాలి. ఎత్తు వచ్చినప్పుడు మగవాళ్లం దిగి నడిచాం. కురబలకోట నుంచి రెండు గొర్రెపిల్లలతో వచ్చిన ఒక పెద్దాయన మాత్రం దిగలేదు. "టికెట్టు కొనింది కూర్చోడానికప్పా, నడిసేదానికైతే మా గొర్రెలతోనే నడిసుందును," అన్నాడు. ఎనిమిది దాటి పుంగనూరు చేరాం. బస్టాండు ఎదురుగా రాగిముద్ద, వేరుశనక్కాయల ఊరుబిండి పచ్చడి అణాన్నరకే కడుపునిండా పెడతారు. తిని వెళ్లండి, తర్వాత పలమనేరు దాకా చెప్పుకోదగ్గ తిండి దొరకదు.

బాషా టెంటు వెనక నీడలో మిషను విప్పి నూనె పెడుతున్నాడు. పాతికేళ్లుంటాయి, నూనె మరకల చొక్కా, చెవిలో పెన్సిలు. ఏడో రీలు గురించి అడిగితే ఆశ్చర్యపోయాడు.

"ఈడ పదమూడూ ఆడినాయే! పెట్టెలో నా చేతుల్తోనే సర్ది పంపిస్తి. యాల అడగతాండావు?"

జేబులో మిగిలిన ఎర్రసిరా కాగితం గర్వంగా తీసి చేతికిచ్చాను. వేలు పెట్టి మెల్లగా చదివాడు. రెండోసారి చదివాడు.

"ఇది ఎవురు రాసినారు?"

"నేనే."

"మా మామ అమ్ముకునే రకమైతే ఇరవై ఏండ్లకి కూడా ఆ గుడారం కింద మిషను పొగ తాగతా యాల కూర్చుంటాడప్పా?" అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ణి. తర్వాత ఏదో గుర్తొచ్చినవాడిలా ఆగి, డ్రాయరు వెతికి, అగ్గిపెట్టె అంత పొడవున్న ఒక ఇనప పట్టీ తీశాడు. ఫిలిం జారే దారిలో ఉండే పట్టీ అది. అంచు మీద గోరు పెట్టి లాగితే గోరు గీసుకుపోయింది.

"ఏడోది కడాసారి ఆడినప్పుడు టకటకమని చప్పుడొచ్చినాది. పెట్టె పంపినంక దీన్ని తీసి ఏరే పాతది ఏసినా. ఇది రీలు అంచులు కోసేసుంటాది. మామ విప్పి చూసుంటాడు." అతని ముఖం నల్లబడింది. "చూసి నాకు చెప్పలేదు."

"చెప్పడానికేం?"

"చెప్తే నేను ఓనరు కాడ ఒప్పుకోవాల్సొస్తాది. రీలు పాడు చేస్తే పని తీసేస్తాడు. ఇంట్లో నా పెండ్లానికి, మామ బిడ్డకు, ఏడో నెల. ఇంగ నీకు అర్థం కాలేదా?"

అర్థమైంది. యజమాని ఆదివారం దాకా పెట్టిన గడువు చెప్పి, చినిగిన రీలు అలాగే మిషన్లో పెట్టకూడదా అని అడిగాను. బాషా నన్ను చిన్నపిల్లవాణ్ణి చూసినట్టు చూశాడు. చినిగిన చోట ఫిలిం దీపం ముందు ఒక్క క్షణం ఆగితే అంటుకుంటుంది. అంటుకుంటే గుడారం నిలవదు, కింద కూర్చున్న రెండువందల మంది సంగతి చెప్పనక్కర్లేదు. ఖాదర్ సాహెబు ఎడమచేతి మీద ముడతలు పడ్డ మచ్చ ఎలా వచ్చిందో నాకు అప్పుడు తెలిసింది. యజమానికి చెబితే "ఏం కాదు, ఆడించు" అంటాడు. అందుకే ఆయన ఎవరికీ చెప్పకుండా రీలు తీసి, బాగు చేయించడానికి కుప్పం పంపి ఉంటాడని బాషా అన్నాడు. చినిగిన రీళ్లు అతికే మనిషి ఈ చుట్టుపక్కల మునెప్ప ఒక్కడేనట.

"కొత్త పట్టీ కావాలని ఓనర్ను రెండు తూర్లు అడిగినా. రేపు, మాపు అనె," అని కూడా చెప్పాడు. నా ఒళ్లు మండిపోయింది. అతని చెవిలోని పెన్సిలు లాక్కుని, అక్కడికక్కడే యజమాని మీద కాగితం రాయబోయాను. బాషా నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఒక కాయితం రాసి ఒక పని పోయేకాడికి తెస్తివి. ఇంగొకటి రాసి నాదీ పోగొడతావా?"

"ఊరుకోమంటావా అయితే?"

"ఊరుకోమన్లా. ముందర చూసి రమ్మంటాండా. పది గంటల బస్సుండాది, పో."

పది గంటల బస్సుకు పలమనేరు, తొమ్మిదణాలు. అక్కడ గంట ఆగి, వి.కోట మీదుగా కుప్పం బస్సు. వి.కోట దాటాక బస్సులో మాటల రంగు మారుతుంది. ఒకే వాక్యంలో తెలుగు, అరవం, కన్నడం మూడూ వినబడతాయి, ఎవరూ ఎవరికీ అర్థం చెప్పరు. చింతచెట్లు, మామిడితోటలు, ఎర్రమట్టి. దారి అందంగా ఉంటుందని అందరూ చెబుతారు. నిజమే కావచ్చు. నేను ఆ మూడు గంటలూ నా జేబులోని కాగితాన్నే మడతలు పెడుతూ, విప్పుతూ కూర్చున్నాను.

సాయంత్రం నాలుగున్నరకు కుప్పంలో దిగి రైలు స్టేషను వెనక వీధిలో మునెప్ప ఇల్లు పట్టుకున్నాను. కోలారు గనుల దగ్గర బొమ్మల హాల్లో ముప్పై ఏళ్లు పనిచేసి వచ్చిన మనిషి. డెబ్భై దాటినా కళ్లద్దాలు లేవు. గది నిండా మాగిన అరటిపండు వాసన, అది ఆయన జిగురుది. కిటికీ దగ్గర బల్ల మీద రేకు డబ్బా, మూత మీద సుద్దతో '7' అని రాసి ఉంది.

"ఖాదరు పంపినాడా నిన్ను?"

"లేదు. ఆయన మీద కాగితం రాసినవాణ్ణి నేను." దారి పొడుగునా ఏం చెప్పాలా అనుకుంటూ వచ్చాను. నోట్లోంచి ఇదే వచ్చింది.

మునెప్ప నన్ను కిందికీ మీదికీ చూసి, "చెయ్యి వణకతాదా నీకు?" అన్నాడు. లేదన్నాను. "అయితే రేపు పొద్దున రా. ఇంగ నాలుగడుగుల పిలుము మిగిలినాది. పొద్దు పోతాండాది, దీపం ఈ రూములో వెలిగించను, అంటుకుంటాది." వెలుతురు ఉంటేనే పని, లేకపోతే లేదు. తొందరని బతిమాలినా వినలేదు. స్టేషను దగ్గర సత్రంలో పడుకున్నాను.

శనివారం సూర్యుడు కిటికీలోకి వచ్చేసరికి నేను బల్ల దగ్గర ఉన్నాను. ఒక్కో బొమ్మకు పక్కకు నాలుగు బెజ్జాలు. చినిగిన అంచును ఆయన బ్లేడుతో గీకి, పాత ఫిలిం నుంచి కత్తిరించిన సన్నని పేలికను జిగురుతో అతికి, గోటితో నొక్కి, సూదిలాంటి పనిముట్టుతో బెజ్జం తెరుస్తాడు. నేను రెండు వైపులా ఫిలిం పట్టుకోవాలి, ఊపిరి దాని మీద పడకూడదు. రెండు గంటలు పట్టింది. అయ్యాక, "పాపం బొమ్మ కోసమే కదా ఇంత దూరం వచ్చినావు, సూడు," అని రీలు విప్పి వెలుతురుకు అడ్డంగా పెట్టి, చిన్న భూతద్దం నా చేతికిచ్చాడు. "ఈ సీన్లో మాటల్లేవప్పా. నీకేం నష్టం లేదు."

ఆ ఏడో రీలును నేను తెర మీద ఇంకా చూడలేదు. వేలెడు వెడల్పు బొమ్మల్లో, కిటికీ వెలుతురులో చూశాను. జైలు ఊచలు. ఇటు శాంత. ఆమె ఏడవదు, క్షమించమని అడగదు. రఘు చేయి ఊచల మధ్యనుంచి వచ్చి ఆమె కొంగు అందుకుంటుంది. ముడి విప్పుతాడు. లోపల తాళంచెవి లేదు. తెల్లబట్ట మీద తుప్పు మరక ఉంది, తాళంచెవి ఆకారంలో. తండ్రి చేసిన రెండో తాళంచెవిని ఆమె ఎన్ని రోజులు మోసిందో ఆ మరక చెబుతోంది. రఘు మరకను చూస్తాడు, ఆమెను చూస్తాడు. తర్వాత ఎవరికీ మరక కనబడకుండా కొంగును మడిచి, అదే ముడి మళ్లీ వేస్తాడు. పక్కనే జవాను నిలబడి ఉన్నాడు. ఆ ఒక్క గుడ్డముక్క చూపిస్తే రఘు బయటపడిపోతాడు, ఆమె తండ్రి లోపలికి వెళతాడు. అందుకే చూపించడు. అంతే, రీలంతా ఇదే.

మునెప్ప ఇంట్లో కూర్చుని నేను మొత్తం సినిమాను బుర్రలో మళ్లీ మొదటినుంచి ఆడించుకున్నాను. ప్లాట్‌ఫారం మీద ఆ నవ్వు సిగ్గులేని నవ్వు కాదు. ఎనిమిదో రీలు నుంచి ఆమె కొంగున ఉన్నది ఆమె వేసుకున్న ముడి కాదు, అతను వేసినది. చివరి రీలులో కోర్టు నడుమ ఆమె తానే దాన్ని విప్పి మరకను జడ్జికి చూపించినప్పుడు, పట్టుబడి ఒప్పుకున్న దొంగ అని నేనూ మీరూ అనుకున్నాం. కాదు. అతను దాచిన దాన్ని ఆమె తన చేత్తో బయటపెడుతోంది. తీసినవాడెవడో గానీ వాడి చేతులకు దండం పెట్టాలి. మాట లేకుండా, పాట లేకుండా, జానెడు గుడ్డతో ఇంత చెప్పాడు! మళ్లీ చూసేకొద్దీ పెరిగే బొమ్మ అంటే ఇదీ. "మునెప్పా, నీకు ఏ బొమ్మ ఇష్టం?" అని అడిగితే, "అతుకు కనపడని బొమ్మ," అని డబ్బా మూత పెట్టి నా చేతికిచ్చాడు. కూలి ఎంతని అడిగితే ఖాదర్ సాహెబు ముందే పంపాడన్నాడు.

పది గంటల బస్సు కండక్టరు నన్ను మెట్టు మీదే ఆపేశాడు. "డబ్బాలో ఏముండాది? పిలుమా? ఎనక బొగ్గు మండతాంటే ముందర పిలుము పెట్టుకోని కూర్చుంటావా? దిగప్పా సామీ!" ప్రజాహక్కుల గురించి ఉపన్యాసం మొదలుపెట్టాను. పని చేయలేదు. చివరికి డ్రైవరే, "తడి గోనెపట్ట సుట్టి నా పక్కన పెట్టు. పిల్లోడు నోరు మూసుకుంటాడంటే తీసుకపోతా," అన్నాడు. నోరు మూసుకున్నాను. పుంగనూరులో బాషా బస్సు దగ్గరికే వచ్చాడు. ఆ అరిగిన పట్టీని కాగితంలో చుట్టి ఇచ్చాడు.

"ఇంట్లో మాట్లాడుకున్న్యాం. మామ నా కోసం ఊరందరి ముందర దొంగైతే మాకు కూడు దిగతాదా? రాసుకో నా పేరు. పట్టీ నా మిషనుదే, అడిగినా ఓనరు ఇయ్యలేదు. అట్లే రాయి, ఎక్కువ రాయొద్దు."

ఎక్కువ రాయలేదు బాషా. నువ్వు చెప్పినట్టే రాశాను.

పుంగనూరులో మన మిషన్ ఆసుపత్రి నర్సమ్మ ఒకామె ఎక్కి నా ముందు సీట్లో కూర్చుంది. డబ్బా చూసి ఏమిటని అడిగింది. చెప్పాను. "ఆ బొమ్మా? మూడు తూర్లు చూస్తి. ఆ పిల్ల ఉత్త మోసగత్తె," అంది. ఏడో రీలు సంగతి అంతా చెప్పాను. "అబ్బా, ఎన్ని మాటలంటిమి దాన్ని," అందామె. "ఇంగోసారి చూడాల్సిందే."

ఆరు గంటలకు మదనపల్లె. సరాసరి టెంటుకు వెళ్లాను. ఖాదర్ సాహెబు డబ్బా తెరిచి, ఫిలిం అంచును రెండు వేళ్ల మధ్య పెట్టి, కళ్లు మూసుకుని అడుగులకు అడుగులు జార్చాడు. "మునెప్ప చెయ్యే," అన్నాడు. "కొత్త అతుకు, ఒక రాత్రి ఆరల్ల. రేపు ఆడిస్తా." నేను దారిలో కూర్చుకున్న మాటలన్నీ చెప్పాను. తప్పు నాదన్నాను, క్షమించమన్నాను. ఆయన విన్నాడు. విని, మిషను మూత వేస్తూ అన్నాడు: "కాయితం గోడ మీద ఉండాదప్పా. నా సెవిలో చెప్తే గోడకు ఇనపడతాదా?"

ఒక సినిమాలో కొంగుముడిని చూడటానికి నాలుగుసార్లు వెళ్లాను, ఎనిమిదణాలు ఇచ్చాను, నేల మీద నడుము నొప్పి పుట్టేదాకా కూర్చున్నాను. ఇరవై ఏళ్లుగా మనకు బొమ్మలు చూపిస్తున్న మనిషిని ఒక్కసారి చూసి, దించిన కళ్లు చూసి, దొంగ అని రాశాను. రఘు ఏమీ మాట్లాడకుండా ముడి వేస్తే వాడి మనసు గొప్పదని మునెప్ప ఇంట్లో కళ్లు తుడుచుకున్నాను. ఖాదర్ సాహెబు ఏమీ మాట్లాడకుండా కటకం తుడుస్తుంటే నాకు నేరం కనబడింది. నా కోపం తప్పని నేను ఇప్పటికీ అనను. అరిగిన పట్టీ మార్చమని రెండుసార్లు అడిగించుకున్న యజమాని మీద అది అలాగే ఉంది, ఉంటుంది. కానీ ఇకమీదట నా కాగితం కింద నా సంతకం ఉంటుంది, రాసే ముందు బస్సు టికెట్టూ ఉంటుంది.

ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక్క మాట. కుప్పం పని ఏదైనా ఒక్కరోజులో తిరిగి రావచ్చని అనుకోకండి. సత్రంలో రాత్రి ఉండేలా దుప్పటి పట్టుకుని, బొగ్గు పొగ తగలకుండా డ్రైవరు వెనక సీటు చూసుకుని, ఆరున్నర బస్సుకే బయలుదేరండి.

ఇక అసలు సంగతి. ఆ ఎర్రసిరా కాగితాలు చదివిన ప్రతి ఒక్కరూ, చదివి "అవునేమో" అనుకున్న ప్రతి ఒక్కరూ, ఈ ఆదివారం సాయంత్రం సరిగ్గా ఐదున్నరకు టెంటు గేటు ముందుకు రండి. అరిగిన పట్టీ నా చేతిలో ఉంటుంది, ఎవరైనా గోరు పెట్టి చూడవచ్చు. యజమాని ఎదుట, ఖాదర్ సాహెబు ఎదుట, ఈ తప్పు ఎవరిదో నేను గట్టిగా చదువుతాను. ఆయన పని ఆయనదేనని మీరంతా గట్టిగా అనాలి. ఆరున్నరకు దీపం ఆరుతుంది. మీరే లెక్కపెట్టుకోండి, పదమూడు రీళ్లు.